కఠిన విమర్శ ఎదురైనప్పుడు రచయిత ఏమి చేయాలి?

కథనో కవితనో నెలల తరబడి చెక్కి బయటపెట్టిన తరువాత, చదివినవారు దానిని ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తే కలిగే బాధ చిన్నది కాదు. ‘ఇది కథే కాదు’, ‘వచనాన్ని విరగ్గొట్టి కవిత అన్నారు’, ‘ఉపన్యాసం విన్నట్టుంది’, ‘వస్తువు పాతది, శిల్పం అసలే లేదు’ వంటి మాటలు మన సాహిత్య సభల్లో, సమీక్షల్లో, సంపాదకుల ఉత్తరాల్లో ఎంత మామూలుగా వినిపిస్తాయో రాసేవాళ్లందరికీ తెలుసు. ఆ మాటలు పడ్డాక కొందరు కలం పక్కన పెట్టేస్తారు, కొందరు విమర్శకుడి మీద యుద్ధానికి దిగుతారు, ఇంకొందరు చెప్పినవన్నీ మార్చేసి తమ రచనను తామే గుర్తుపట్టలేని స్థితికి తెచ్చుకుంటారు. ఈ మూడింటికీ భిన్నమైన దారి ఒకటి ఉంది. బాధపడడం, విమర్శను పరిశీలించడం రెండు వేరు వేరు పనులని గుర్తించి వాటిని ఒకే పూట చేయకుండా ఉండడం అందులో మొదటి మెట్టు. ఘాటైన తీర్పును రాతప్రతిలోని ఒక చోటును వేలుపెట్టి చూపే ప్రశ్నగా మార్చుకోవడం అందులో అసలు పని.

మొదటి రోజు

విమర్శ విన్న రోజున చేయవలసిన పని ఒక్కటే. దానిని ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోవాలి. అచ్చయిన సమీక్ష అయితే కత్తిరించి దాచుకుంటే సరిపోతుంది. సభలో నోటిమాటగా వచ్చినదైతే ఇంటికి చేరగానే, వీలైతే అక్కడే కూర్చుని, మాట్లాడినవారి మాటల్లోనే కాగితం మీద పెట్టాలి. బాధలో ఉన్న మనసు విన్న మాటను విన్నట్టుగా ఉంచదు. ‘మధ్యలో రెండు పేజీలు సాగాయి, అక్కడ నాకు ఆసక్తి తగ్గింది’ అని ఒకరు అంటే, రాత్రికి అది ‘కథ విసుగు పుట్టించింది’ అవుతుంది, వారం గడిచేసరికి ‘నీకు కథ రాయడం రాదు’ అన్నట్టే గుర్తుండిపోతుంది. మొదటి మాటలో పనికొచ్చే సమాచారం ఉంది. చివరి మాటలో సమాచారం లేకపోవడమే కాదు, అసలు ఆ మాట ఎవరూ అనలేదు. సభలో మీ పక్కన కూర్చున్న మిత్రులు ఉంటే వారేమి విన్నారో కూడా అడిగి రాసుకోవడం మంచిది; చాలాసార్లు మీరు వినిపించుకోని ఒక మెచ్చుకోలు కూడా వారికి వినబడి ఉంటుంది.

ఆ రోజున చేయకూడనివి మాత్రం చాలా ఉన్నాయి. రాతప్రతిని చింపకూడదు, కంప్యూటరులోని ఫైలును తుడిచేయకూడదు. ఆ రాత్రే దిద్దుబాటు మొదలుపెట్టకూడదు. కోపంతోనో అవమానంతోనో చేసే దిద్దుబాటులో బలహీనమైన వాక్యాలకంటే ముందు ధైర్యమైన వాక్యాలు పోతాయి. పదిమంది మిత్రులకు ఫోను చేసి ‘నీకూ అలాగే అనిపించిందా’ అని అడగడం కూడా వద్దు. వారు మిమ్మల్ని ఓదారుస్తారు, ఆ ఓదార్పు వల్ల అసలు విమర్శను చదవవలసిన అవసరం తీరిపోయినట్టు అనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, విమర్శకుడికి జవాబు రాయకూడదు.

జవాబు విషయంలో ఇంగ్లీషు కవి బైరన్ అనుభవం గుర్తుంచుకోదగినది. పందొమ్మిదేళ్ల వయసులో, 1807లో, అతడు తెచ్చిన కవితల సంపుటిని మరుసటి ఏడాది ‘ఎడిన్‌బరో రివ్యూ’ పత్రిక ఎగతాళి చేసింది. దానికి ప్రతిగా 1809లో అతడు ఒక పెద్ద వ్యంగ్య కావ్యం ప్రచురించి, ఆ పత్రికతో పాటు అప్పటి పేరున్న కవులు ఎందరినో దుమ్మెత్తిపోశాడు. సమీక్ష రాసింది సంపాదకుడు ఫ్రాన్సిస్ జెఫ్రీ అని నమ్మి అతడిని ప్రత్యేకంగా తిట్టాడు. నిజానికి రాసినవాడు హెన్రీ బ్రూమ్. పుస్తకం బాగా అమ్ముడుపోయింది కానీ, తాను నిందించినవారిలో కొందరితో కొద్దికాలానికే స్నేహం కుదరడంతో, 1812లో ఆ కావ్యం కొత్త కూర్పును బైరనే ఆపించేశాడు. అంత ప్రతిభావంతుడికే అచ్చయిన కోపాన్ని వెనక్కి తీసుకోవడం అంత కష్టమైంది. కోపాన్ని రాయక తప్పదనిపిస్తే సొంత నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. మన ప్రాచీన కవులు కూడా కుకవినిందకు, అంటే చెడ్డ కవులను తిట్టడానికి, అవతారికలో (కావ్యపు ముందుమాటలో) కొద్దిపాటి చోటు ఇచ్చి, వెంటనే కథలోకి వెళ్లిపోయేవారు.

ఎవరు, ఎంత చదివి అన్నారు?

కొన్ని రోజులు గడిచాక, రాసి పెట్టుకున్న విమర్శను బయటకు తీసి మొదట చూడవలసినది, అన్నవారు రచనను పూర్తిగా చదివారా లేదా అన్నది. ఇది తప్పించుకోవడానికి వెతికే సాకు కాదు, నిజంగానే తేడా తెచ్చే విషయం. ఇంగ్లీషు కవి కీట్స్ 1818లో ప్రచురించిన ‘ఎండిమియన్’ నాలుగు భాగాల కావ్యం. దానిని ‘క్వార్టర్లీ రివ్యూ’లో చీల్చి చెండాడిన క్రోకర్, తాను మొదటి భాగం దాటి చదవలేకపోయానని ఆ సమీక్షలోనే చెప్పుకున్నాడు. ఆ సమీక్షే కీట్స్ ప్రాణం తీసిందన్న కథ తరువాత పుట్టింది. అతడు 1821లో రోములో క్షయతో మరణించాడు. ఆ సమీక్ష వచ్చిన కొద్ది వారాలకు, 1818 అక్టోబరులో, తన ప్రచురణకర్త హెస్సీకి రాసిన ఉత్తరంలో అతడు చెప్పిన మాట ఇంకా విలువైనది. తన రచనలను తానే కఠినంగా చూసుకునేవాడి మీద పొగడ్తకైనా తెగడ్తకైనా ఉండే ప్రభావం క్షణికమని, పత్రికలు పెట్టిన బాధకంటే తన స్వీయ విమర్శ తనకు పెట్టిన బాధ ఎంతో ఎక్కువని రాస్తూనే, ఆ కావ్యంలో పట్టు సడలిందన్న మాటను అంగీకరించాడు. ద్వేషంతో వచ్చిన సమీక్షను పక్కన పెట్టడం, రచనలోని లోపాన్ని ఒప్పుకోవడం ఒకే ఉత్తరంలో జరిగాయి. మరుసటి ఏడాదే అతడి గొప్ప ఓడ్‌లు (సంబోధనా గీతాలు) వచ్చాయి.

రెండవది, చదివినవారు ఆ రచనకు తగిన పాఠకులేనా అన్నది. రష్యన్ రచయిత చెహోవ్ నాటకం ‘సీగల్’ 1896 అక్టోబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ అలెగ్జాండ్రిన్‌స్కీ రంగశాలలో తొలిసారి ప్రదర్శితమైనప్పుడు ఘోరంగా విఫలమైంది. ఆ రాత్రి ప్రదర్శన జనాదరణ ఉన్న ఒక హాస్యనటి గౌరవార్థం ఏర్పాటైంది. హాలు నిండా ఆమె అభిమానులు, కడుపుబ్బ నవ్వుకోవడానికి వచ్చినవారు. వారు నవ్వకూడని చోట నవ్వారు, ఈలలు వేశారు. చెహోవ్ మధ్యలోనే లేచి వెళ్లిపోయి, మరుసటి రోజు ఊరు విడిచాడు, ఇక నాటకాలు రాయనన్నాడు. కొద్ది రోజులకే రెండవ ప్రదర్శనను ప్రేక్షకులు బాగా ఆదరించారు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ అదే నాటకాన్ని వేసినప్పుడు అది చరిత్రకెక్కింది. సస్పెన్స్ కథలు ఇష్టపడే పాఠకుడు మీ నెమ్మదైన జ్ఞాపకాల కథను ‘ఏమీ జరగలేదు’ అన్నాడంటే, తప్పు కథలో ఉండవచ్చు, లేదా కథ చేరిన చోటులో ఉండవచ్చు. ఏది నిజమో తేల్చడానికి, అటువంటి కథలను ప్రేమించే మరొకరు కూడా అదే చోట ఆగారా అని చూడడం తప్ప మరో మార్గం లేదు.

తీర్పును ప్రశ్నగా మార్చడం

ఈ పనికి ఒక ఉదాహరణ తీసుకుందాం. పోలవరం ముంపు గ్రామం వదిలి పునరావాస కాలనీకి చేరిన ఒక వృద్ధురాలి మీద మీరు కథ రాశారు. చదివిన ఒక పెద్దాయన ‘ఇది కథ కాదండీ, కరపత్రం’ అన్నారు. మొదట ఆ వాక్యాన్ని రెండుగా విడదీయాలి. ‘కథ కాదు’ అన్నది తీర్పు. అది ఏ పేజీనీ చూపించదు కాబట్టి దానితో చేయగలిగినది ఏమీ లేదు, పక్కన పెట్టవచ్చు. ‘కరపత్రం’ అన్న మాట అటువంటిది కాదు. కరపత్రం చేసే పని ఏమిటి? పాఠకుడు ఏమనుకోవాలో అదే చెప్పేస్తుంది. కనుక మీ ప్రశ్న ఇలా తయారవుతుంది: ‘నా కథలో పాఠకుడికి ఏమనుకోవాలో నేనే చెప్పిన వాక్యాలు ఎక్కడ ఉన్నాయి?’ ఇప్పుడు రంగు పెన్సిలు పట్టుకుని ప్రతిని మొదటి నుంచి చదవాలి. మొదటి మూడు పేజీల్లో అటువంటివి లేవు. నాలుగో పేజీలో పట్నం నుంచి వచ్చిన మనవడు భూసేకరణ చట్టం గురించి, పరిహారం ప్యాకేజీ గురించి ఒక పేరా మాట్లాడతాడు. అంతసేపూ ముసలమ్మ పేజీలో కనబడదు. చివరి పేరాలో కథకుడు ‘ఈ అభివృద్ధి ఎవరి కోసం?’ అని అడుగుతాడు. పెన్సిలు గీతలు పడినవి ఈ రెండు చోట్లే.

తరువాతి ప్రశ్న, అక్కడ ఉన్న విషయం కథకు అవసరమా అన్నది. ఆమెకు ఇల్లు దొరికిందని, బతుకు దొరకలేదని పాఠకుడికి తెలియాలి కాబట్టి అవసరమే. అయితే దానిని మనవడే చెప్పనక్కరలేదు. కాలనీ ఇంటి ముందు ఆవును కట్టేయడానికి చోటు లేక, మేపడానికి పోరంబోకు లేక ఆమె దానిని తాడు పట్టుకుని తారు రోడ్డు వెంట నడిపించే దృశ్యం ఒకటి ఉంటే, మనవడి పేరాలో మూడొంతులు తీసేయవచ్చు. చివరి పేరాలోని ప్రశ్న పాఠకుడికి తనంతట తానే వస్తుంది. ‘కరపత్రం’ అన్న మాట మొత్తం కథ విషయంలో అన్యాయం, రెండు చోట్ల విషయంలో అక్షరాలా నిజం. మాట మొరటుతనాన్ని చూసి దానిని మొత్తంగా తోసిపుచ్చి ఉంటే ఈ రెండు చోట్లు దొరికేవి కావు. మొత్తంగా ఒప్పుకుని ఉంటే బాగున్న మూడు పేజీలు పోయేవి.

మన దగ్గర తరచూ వినబడే విమర్శలు చాలావరకు ఇలాగే ప్రశ్నలవుతాయి. ‘పాత్రలన్నీ ఒకేలా మాట్లాడుతున్నాయి’ అంటే, సంభాషణల పక్కనున్న పేర్లను కప్పేసి పైకి చదివి, ఎవరి మాట ఎవరిదో మీకే తెలుస్తోందా చూడాలి. ‘ఎత్తుగడ నీరసంగా ఉంది’ అంటే, కథలో మొదటి కదలిక ఎన్నో పేరాలో వచ్చిందో చూసి, కథ అక్కడే మొదలైతే ఏమి పోతుందో ఆలోచించాలి. ‘ముగింపు ముందే తెలిసిపోయింది’ అన్నవారిని ఏ వాక్యం దగ్గర తెలిసిందో అడగవచ్చు. ముందే తెలియడం అన్ని కథలకూ లోపం కాదు, కొన్ని కథల బలమే అది. వచన కవితను ‘విరగ్గొట్టిన వచనం’ అంటే, పాదాలన్నీ కలిపి ఒకే పేరాగా రాసి పైకి చదవడం మంచి పరీక్ష. అలా కలిపినప్పుడు ఊనికగానీ, విరామంగానీ, అర్థంలోని మలుపుగానీ పోతే మీ పాదవిభజన నిలబడినట్టే. ఏమీ పోకపోతే విమర్శకుడి మాట సరైనదే. ‘బాగాలేదు’, ‘మీకెందుకండీ ఈ పని’ వంటివి ఎంత తిప్పినా ఏ చోటునూ చూపించవు. వాటి మీద మరో పూట ఖర్చు పెట్టనవసరం లేదు.

ఇక్కడ మరో జాగ్రత్త అవసరం. చదివేవారు తడబడిన చోటును చాలావరకు సరిగానే చూపిస్తారు కానీ, వారు చెప్పే మందు తరచుగా వారి సొంత కథకు చెందినది. ‘ఆ ముసలమ్మ చివర్లో కలెక్టరును నిలదీయాలి’ అని ఎవరైనా అంటే, ముగింపు దగ్గర వారికి వెలితి అనిపించిందన్నంత వరకు తీసుకోవాలి. కలెక్టరు సన్నివేశం వారే రాసుకోవలసినది.

మాండలికం, దృక్పథం, జీవితం

తెలుగులో రాసేవారికి మూడు రకాల విమర్శలు ప్రత్యేకంగా కష్టపెడతాయి. మొదటిది మాండలికం గురించినది. కళింగాంధ్ర మాటలోనో, తెలంగాణ మాటలోనో, సీమ మాటలోనో రాసిన కథను ‘అర్థం కాలేదు, మామూలు తెలుగులో రాయొచ్చు కదా’ అని తిప్పి పంపితే తొందరపడి మార్చకూడదు. గురజాడ కాలంలో వాడుక భాషలో సాహిత్యం రాయడమే పండితులకు తప్పుగా తోచింది. ఆ ప్రాంతపు వ్యక్తి ఒకరికి, బయటి ప్రాంతపు వ్యక్తి ఒకరికి ప్రతి ఇచ్చి చూడండి. బయటివారు అక్కడక్కడ ఒక మాట దగ్గర ఆగితే, పక్క వాక్యంలోని సందర్భంతోనే దానిని తేట చేయవచ్చు. ఆ ప్రాంతంవారే ‘మా ఊళ్లో ఇలా అనరు’ అంటే మాత్రం కథను మళ్లీ మొదటి నుంచి చెవితో వినవలసిందే.

రెండవది దృక్పథం. 1943లో అభ్యుదయ రచయితల సంఘం, 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడిన నేపథ్యంలో, కథ ఎవరి పక్షాన నిలబడిందని అడగడం తెలుగు విమర్శకు అలవాటైంది. అది అడగదగిన ప్రశ్నే, కానీ శిల్పానికి సంబంధించిన ప్రశ్నతో కలిపి చూస్తే అయోమయం మిగులుతుంది. ముందుగా, వారు తప్పుపట్టిన అభిప్రాయం పాత్రదా కథదా అని తేల్చుకోవాలి. పాత్రదే అయితే, అది పాత్రదేనని కథలో స్పష్టంగా తెలుస్తోందా అని చూడాలి. కథదే అయి, మీరు ఆలోచించి నమ్మినదే అయితే, దిద్దవలసినది ఏమీ లేదు. ఎందుకు నమ్ముతున్నారో ఒక పేజీ మీ కోసం రాసి పెట్టుకుంటే చాలు.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే గౌరవంగా వినవలసినది: ‘మా జీవితం ఇలా ఉండదు’ అన్న మాట. మీరు పుట్టని కులం గురించి, చేయని వృత్తి గురించి, ఆచరించని మతం గురించి, స్త్రీ అయితే పురుషుడి గురించి, పురుషుడైతే స్త్రీ గురించి రాసినప్పుడు, ఆ జీవితంలో ఉన్నవారు చెప్పే అభ్యంతరం ఎంత కటువుగా ఉన్నా ముందు వరుసలో పెట్టాలి. స్త్రీవాద, దళిత, ముస్లిం మైనారిటీ సాహిత్యాలు వచ్చాకే ఈ పాఠకుల గొంతు మన విమర్శలో గట్టిగా వినబడింది. అంతకు ముందు చాలాకాలం వారి గురించి ఇతరులే రాశారు కాబట్టి, ఆ గొంతులో కోపం ఉండడం సహజం. స్వరం బాగాలేదన్న కారణంతో ఆ విషయాన్ని వినకపోతే నష్టపోయేది కథే. మగ్గం మీద పడుగు ఎలా సాగుతుందో, రంజాన్ నెలలో ఇంట్లో ఏ పూట పొయ్యి వెలుగుతుందో తప్పుగా రాస్తే, దానిని దిద్దడానికి రెండో అభిప్రాయం అవసరం లేదు.

దిద్దుబాటు

ప్రశ్నలు చేతికి వచ్చాక కూడా ఒక్క పాఠకుడి మాట మీద పెద్ద మార్పులు చేయకపోవడం మంచిది. మరో ఇద్దరికి ప్రతి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పాత విమర్శ సంగతి చెప్పవద్దు, ‘ఎలా ఉంది’ అని కూడా అడగవద్దు. ‘చదువుతూ ఎక్కడ ఆగారు, ఏ పేజీలో వెనక్కి తిప్పవలసి వచ్చింది’ అని అడగండి. ముగ్గురూ ఒకే పేజీ దగ్గర ఆగితే, వారు చెప్పిన కారణాలు వేరైనా, ఆ పేజీలో ఏదో ఉంది. ముగ్గురూ మూడు చోట్ల ఆగితే, తుది నిర్ణయం మీదే.

మార్పులు ఎప్పుడూ కొత్త ప్రతిలోనే చేయాలి, పాత ప్రతిని తేదీ వేసి ఉంచాలి. ఒక విడతలో ఒక ప్రశ్నకే జవాబు వెతకడం మేలు. సంభాషణలు, ఎత్తుగడ, ముగింపు ఒకేసారి కదిలిస్తే ఏ మార్పు మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. అచ్చయిన రచనను మళ్లీ రాయడం అవమానమని కొందరు అనుకుంటారు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. అప్పటికే అది ప్రదర్శనకు నోచుకున్న నాటకం. అయినా ఆయన దానిని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాసి 1909లో రెండవ కూర్పు తెచ్చారు. ఈనాడు మనం చదివేది, రంగస్థలం మీద చూసేది ఆ రెండవదానినే.

అన్నీ పరిశీలించి, దిద్దవలసినవి దిద్దిన తరువాత కూడా కొన్ని అభ్యంతరాలు మిగులుతాయి. వాటిని అలాగే వదిలేసే హక్కు రచయితకు ఉంది. కాలానికి అవధి లేదు, భూమి విశాలం, నా వంటివాడు ఎప్పుడో ఎక్కడో పుడతాడన్న సంస్కృత కవి భవభూతి శ్లోకాన్ని మనవాళ్లు ఇష్టంగా ఉదహరిస్తారు. ఆ మాట అనదగినది పని మొత్తం పూర్తయ్యాకేనని నా నమ్మకం. విమర్శ చదవకముందే దానిని అడ్డం పెట్టుకుంటే, రాబోయే ఆ పాఠకుడికి కూడా దిద్దని ప్రతే మిగులుతుంది.

విమర్శ కానిది

రచనను వదిలి రచయిత కులాన్ని, రూపాన్ని, కుటుంబాన్ని తిట్టడం, పని చేసే చోటికి ఫోన్లు చేయడం, బెదిరించడం విమర్శ కిందికి రావు. వాటికి పైన చెప్పిన పద్ధతి ఏదీ వర్తించదు, వాటిలో ప్రశ్నలు వెతకడం వల్ల మనశ్శాంతి పోవడం తప్ప ఫలితం లేదు. ఆధారాలు దాచి పెట్టుకుని, ఇంట్లోవారికి, నమ్మకమైన రచయిత మిత్రులకు చెప్పి, బెదిరింపు ఉంటే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ తన నవల మీద సాగిన ఆందోళనల తరువాత 2015 జనవరిలో, తనలోని రచయిత మరణించాడని ప్రకటించారు. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇస్తూ, ఆయన తిరిగి లేచి రాయాలని చెప్పింది. ఆయన మళ్లీ రాశారు. అటువంటి ఒత్తిడిలో కొంతకాలం మౌనంగా ఉండడం ఓటమి కాదు, తోడు లేకుండా ఉండడమే ప్రమాదం.

మామూలు కఠిన విమర్శ విషయంలో, దిద్దుబాటు ముగిశాక విమర్శకుడికి ఒక చిన్న ఉత్తరం రాయవచ్చు. ఒక చోటును చూపించి తప్పుపట్టినవారు మీ రచన మీద కొంత సమయం పెట్టినవారే. ‘నాలుగో పేజీ గురించి మీరు అన్నది ఆలోచించాను, అక్కడ మార్చాను’ అన్న రెండు ముక్కలు చాలు. మార్చనివాటికి సంజాయిషీ ఇవ్వనవసరం లేదు, కొత్త ప్రతిని పంపి మెచ్చుకోలు అడగడం అసలే వద్దు. ఇక వచ్చే రచన విషయంలో ఒక అలవాటు చేసుకోండి: దానిని పత్రికకు పంపిన వారంలోనే మరో కథ మొదటి పేరా రాసి ఉంచండి, సంపాదకుడి జవాబు వచ్చే సమయానికి మీ బల్ల మీద సగం రాసిన పేజీలు ఉండేలా చూసుకోండి.